మూత పడని గిన్నె

హన్మకొండ,
జూలై 9

పెద్దమ్మకు,

రెబెకా వందనాలు. మొన్న ఆదివారం నేను ఫోన్లో గొంతు చించుకుని అరిస్తే మా లేడీస్ హాస్టల్ వరండా అంతా విన్నది, నువ్వు తప్ప. నీ చెవి మిషన్ కూతపెట్టడం, నేను అరవడం, ఇద్దరం అలిసిపోయి ఫోన్ పెట్టేయడం. చాలు ఈ తిప్పలు. నాకు ఏడుపొచ్చింది ఆ రోజు. ఇక నుంచి ఉత్తరాలు రాసుకుందాం. నీ దస్తూరీ నువ్వు వంట చేసిన ములుగు హాస్టల్ సరుకుల చీటీల్లో చూసిందే, నాకు బాగానే చదవడం వస్తుంది.

నీ గోలీలు మూడు నెలలకు సరిపడా ములుగు బస్సులో పార్సిల్ వేశాను. ఆపరేషన్ అయిపోయింది కదా, గడ్డ తీసేశారు కదా అని అశ్రద్ధ చేయకు. రోజూ వేసుకోవాల్సిందే అని డాక్టరమ్మ నీ ముందే చెప్పింది.

రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని ఏం చేస్తావే అని అడిగావు. నువ్వు వేసుకునే గోలీకి సంబంధించిన పనే. వంటమనిషికి అర్థమయ్యేట్టు చెప్తాను, విను. రొమ్ములోని కణాల్లో చిన్న గిన్నెలాంటిది ఒకటి ఉంటుంది. రిసెప్టర్ అంటాం. ఆడవాళ్ల ఒంట్లో ఉండే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ వచ్చి అందులో పడుతుంది. పడగానే పైన మూత పడుతుంది. మూత పడిందంటే ‘పెరుగు’ అని ఆ కణానికి ఆర్డర్ పోయినట్టే. నీ గడ్డ అట్లాగే పెరిగింది. నీ గోలీ ఏం చేస్తుందంటే, హార్మోన్ కన్నా ముందే పోయి గిన్నెలో కూర్చుంటుంది. దానికి పొడుగాటి కాడ ఉంటుంది. గిన్నెలో గంటె వదిలేసి మూత పెడితే పడుతుందా? పడదు కదా. అంతే.

అయితే కొంతమందిలో కొన్నేళ్లకు గిన్నె అంచు వంకరపోతుంది. అప్పుడు గంటె ఉన్నా సరే మూత పడిపోతుంది. ఆ వంకర గిన్నెకు పనికొచ్చే కొత్త గంటె కనిపెట్టడమే నా పీహెచ్‌డీ. గిన్నె ఆకారాన్ని ఎక్స్‌రేలతో ఫొటో తీసి ఎవరెవరో ఇంటర్నెట్లో పెట్టారు. నేను కంప్యూటర్లో రకరకాల మందుల్ని తయారుచేసి ఆ గిన్నెలో కూర్చోబెట్టి చూస్తాను. బాగా కుదిరితే మంచి మార్కు వస్తుంది, కుదరకపోతే రాదు. దీన్నే డాకింగ్ అంటారు.

నాతోపాటు చేరినవాళ్లంతా ఉద్యోగాల్లోకి పోయారు. ల్యాబులో మిగిలింది నేనూ, కొత్తగా వచ్చిన కావ్య, ఒక ఏసీ. కావ్య చెవుల్లో పాటలు పెట్టుకుని కూర్చుంటుంది. మాట్లాడేది ఏసీ ఒక్కటే.

రాయి పెద్దమ్మా. పొడుగ్గా రాయి.

నీ
రెబెకా

* * *

ములుగు,
జూలై 24

రెబెకా బిడ్డకు,

ప్రభువు నిన్ను సల్లగ సూడాలె. నీ ఉత్తరం ముట్టింది. పోస్టుమ్యాన్ తలుపుకాడ నిలవడి, ‘మరియమ్మకు ఉత్తరమా? కోర్టు నోటీసు గిట్ల కాదు గదా’ అని చెవుల అరిచి నవ్విండు. నవ్వని. గోలీల పార్సిల్ సుత వచ్చింది.

గిన్నె సంగతి మంచిగ సమజైంది. ఏండ్లకు ఏండ్లు హాస్టల్ల వండిపెట్టిన దాన్ని, గంటె గురించి నాకు చెప్తానవా? గని నా ఒంట్ల గింత కథ నడుస్తాందని ఏ డాక్టరు చెప్పలే. గోలీ రాసిచ్చి పొమ్మన్నరు. నువ్వు చెప్పినంక రాత్రి గోలీ మింగేటప్పుడు, పో తల్లీ, పోయి మంచిగ కూసో అనుకుంటాన.

హాస్టల్ మూసినంక పెద్ద వంటింట్ల ఒక మూలకు సిలిండర్ పెట్టుకొని వండుకుంటాన. ఫాదర్లు రూము ఖాళీ చెయ్యమనలే, వాళ్ల పుణ్యం. మందికి వండిన చెయ్యాయె, ఒక్కదానికి ఎన్ని బియ్యం పొయ్యాల్నో ఇప్పటికీ అంచనా దొరుకుతలేదు. రోజూ మిగులుతది. మిగిలింది గుడి ఎనక కుక్కకు పెడ్తాన. అది బాగ లావెక్కింది, నడవలేక తిప్పలు పడ్తాంది.

పొద్దుగాల లేస్తె నాతోటి పని ఉన్నోళ్లు ఎవలు లేరు బిడ్డా. గప్పుడు ‘అక్కా ఇంకింత, అక్కా చారు’ అని నెత్తి తినేటోళ్లు. నోర్లు ముయ్యుండ్రే అని గంటె తీసుకొని ఎంటపడేదాన్ని. ఇప్పుడు ఎవలన్న నా నెత్తి తింటె మంచిగుండు అనిపిస్తాంది. మన చర్చి ఉపదేశి ఏలియాగారు పూజ అయినంక వచ్చి మంచిగున్నవా అని చెయ్యి ఊపుతడు, నేను సుత ఊపుత. గంతే మా ముచ్చట.

ఈ గోలీతోటి ఒక్కటే బాధ. ఒంట్ల మంటలు, ఆవిర్లు, చెమటలు. పొయ్యి లోపల కూసున్నట్టుంటది. నిద్ర ఉండది.

ఒక మాట అడుగుత, కోపం చెయ్యకు. నా గిన్నె సుత వంకరపోయిందా? నీ కొత్త గంటె నాకు పడ్తదా? ఎన్నడు తయారైతది?

మీ పెద్దమ్మ
మరియమ్మ

* * *

హన్మకొండ,
సెప్టెంబర్ 2

పెద్దమ్మా!

కుదిరింది! మా ల్యాబులో ఇప్పటిదాకా ఎవరికీ రాని మార్కు వచ్చింది నా మందుకు. మా గైడు సార్ రెండుసార్లు చూశారు. మామూలుగా ఆయన ‘ఊఁ’ అని పోతారు, ఈసారి కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

ఏం చేశానంటే, గిన్నె అడుగున ఒక మూల చిన్న ఖాళీ కనిపించింది. ఎవరూ దాన్ని వాడుకోలేదు. నా మందుకు ఓ చిన్న కొమ్మ తగిలించి ఆ ఖాళీలోకి దించాను. ఎంత చక్కగా ఇమిడిందో! కాడ మాత్రం బయటికి నిలబడే ఉంది. మూత పడే ప్రసక్తే లేదు.

దానికి ‘మేరీ’ అని పేరు పెట్టాను. ఎవరమ్మా మేరీ అని సార్ అడిగితే మా పెద్దమ్మ సార్ అన్నాను. కావ్య కూడా చెవుల్లోంచి పాటలు తీసేసి విన్నది. పక్క ల్యాబులో ఉండే మా సీనియర్ రమాకాంత్ దాన్ని నిజంగానే తయారుచేసి పొడిగా ఇస్తానన్నాడు. చేశాక హైదరాబాద్ పంపుతాం, అక్కడ సీసాల్లో పెంచే క్యాన్సర్ కణాల మీద వేసి చూస్తారు.

నీ గిన్నె వంకరపోయిందా అన్నావు. టెస్టు చేస్తే గానీ తెలియదు. అయినా నీకెందుకు ఫికర్? మేరీ మంచి గిన్నెకూ పడుతుంది, వంకర గిన్నెకూ పడుతుంది. గోలీ తయారైన రోజు మొట్టమొదటిది నీ అరచేతిలోనే పెడతాను. ఒట్టు!

అమ్మ పోయాక నన్ను హాస్టల్‌కు తెచ్చుకుని పెంచావు. నేను నీకు ఏం చేశాను ఇన్నేళ్లూ? ఇదిగో, ఇది చేస్తాను.

నీ
రెబెకా

* * *

ములుగు,
అక్టోబర్ 6

నా బంగారు తల్లి రెబెకాకు,

నా పేరు మీద మందా! రేషన్ కార్డుల, ఓటు లిస్టుల తప్ప నా పేరు ఎవలన్న ఎక్కడన్న రాసిండ్లా? ఏలియాగారికి చూపెట్టిన నీ ఉత్తరం. ఆయన పూజల అందరికి చెప్పిండంట. నాకు వినవడలే గని అందరు ఒక్కపారి నా దిక్కు తిరిగిండ్లు, నాకు సిగ్గయ్యింది. బయటికొచ్చినంక ఆడోళ్లు నా చేతులు పట్టుకున్నరు. యాకమ్మ ఉన్నది సూడు, పాలు పోస్తది, ఆమె సుత ‘మా కోడలికి సుత జర ఒక గోలీ ఇప్పియ్యి’ అని సైగ చేసింది. వరుస తప్పద్దు, ముందుగాల నేను అన్న.

నేను మంచిగున్న. ఒంట్ల ఆవిర్లు పోయినయి. పండుకుంటె తెల్లారుతాంది. ఎన్నేండ్లకో కడుపునిండ నిద్రపోతాన. గోలీలు ఇప్పుడే పంపకు, ఇంక శాన ఉన్నయి. ఈ నెల దవాఖానకు చూపెట్టుకునేదానికి నువ్వు నా కోసం పని ఇడిసిపెట్టి రాకు. నేనే యాకమ్మను తీసుకొని పోయొస్త. నీ పని నువ్వు చేసుకో.

పొద్దుగాల గుడి సుట్టు నడుస్తాన. పాలు తాగుతాన. గుడ్డు తింటాన. కుక్కకు కోపమొచ్చింది, దాని వాటా తగ్గింది గదా. నా ఒళ్లు మంచిగ ఉంచుకోవాలె. మందుకు పనికి రావాలె గద మరి.

మేరీ ఎట్లున్నది? పొడి అయ్యిందా? ఎట్లుంటది, తెల్లగనా, పచ్చగనా?

మీ పెద్దమ్మ
మరియమ్మ

* * *

హన్మకొండ,
డిసెంబర్ 11

పెద్దమ్మకు,

ఉత్తరం ఆలస్యమైంది, ఏమనుకోకు. ఇక్కడ పని ఎక్కువగా ఉంది. క్రిస్మస్‌కు రాలేను. సార్ రిపోర్టు అడిగారు. పార్సిల్‌లో స్వెటరు, కేకు పెట్టాను. గోలీలు అయిపోతే రాయి, పంపుతాను.

మేరీ పని నడుస్తోంది.

ఒళ్లు జాగ్రత్త.

రెబెకా

* * *

ములుగు,
డిసెంబర్ 28

రెబెకా,

గది ఉత్తరమా టెలిగ్రామా? ఒళ్లు జాగ్రత్త అంట! ఎవలకో రాసినట్టు రాసినవ్. నీకు ఏమైంది బిడ్డా? ఎవలన్న ఏమన్న అన్నరా? సార్ తిట్టిండా? మాట దాస్తానవ్ నువ్వు. చిన్నప్పుడు సుత గంతే, జ్వరమొస్తె చెప్పకపోయేది, దుప్పటి కప్పుకొని పండేది.

పండుగ అయ్యింది. నువ్వు వస్తవో ఏమో, రాను అని రాసినా వస్తవేమో అని గారెలు చేసిన. ఎప్పటోలె ఎక్కువైనయి. మధ్యాహ్నం దాక బస్టాండు దిక్కు రెండు మూడు మాట్ల పోయొచ్చిన, ఊకెనే, నడక కోసం. స్టారు కట్టిన గని బల్బు వెలుగలే. అందరు పాటలు పాడుతాంటె పెదవులు కదులుడు సూసి ఏ పాటనో పోల్చుకున్న. ఇంటికొచ్చినంక నీ కేకు కోసుకొని తిన్న. మంచిగుంది గని ఒక్కదాన్నే తింటె కేకుకు సుత రుచి ఉండది బిడ్డా.

నడుం జర గుంజుతాంది. నల్లా వస్తలేదు, బోరింగు కాడికెల్లి బిందె మోసిన, అందుకే. పోతది.

మేరీ సంగతి ఒక్క ముక్క రాసినవ్. ఎన్నొద్దులు నడుస్తది? తొందరపెడుతలేను. నేను తయారుగ ఉన్న, గంతే. గిన్నె ఖాళీ చేసి పెట్టుకున్న.

మీ పెద్దమ్మ
మరియమ్మ

* * *

హన్మకొండ,
జనవరి 2

పెద్దమ్మా,

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. గోలీలతో పాటు ఈ మధ్యాహ్నం బస్సులో పంపుతున్నాను. ఏలియాగారికి ఫోన్ చేశాను, ఆయనే బస్టాండుకు వచ్చి తీసుకుని నీ చేతికిస్తారు. ఆయన ముందే ఒక గోలీ వేసుకో. రేపు పొద్దున నేను వస్తున్నాను. నీ ముందు నిలబడి ఇదంతా చెప్పాలంటే నేను అరవాలి, వీధంతా వినాలి. అది నా వల్ల కాదు. అందుకే రాస్తున్నాను.

‘గిన్నె ఖాళీ చేసి పెట్టుకున్న’ అన్న ముక్క చూడగానే పాత ఉత్తరాలు తీసి చదివాను. ఆవిర్లు పోయాయన్నావు. గోలీలు పంపకు, ఇంకా ఉన్నాయన్నావు. నేను పంపినవి అక్టోబర్‌కు అయిపోవాలి. ఉన్నాయంటే నువ్వు వేసుకోవడం లేదు. ఆ ఉత్తరం వచ్చిన రోజే నాకు తెలియాల్సింది! ఆవిర్లు పోయాయంటే పాపం పెద్దమ్మ నిద్రపోతోంది అని సంతోషించాను, మొద్దుదాన్ని. ఎందుకు పెద్దమ్మా? పాత గంటె లోపల ఉంటే కొత్తది పట్టదనా? అట్లా అని నేను ఎప్పుడు చెప్పాను?

మేరీ లేదు. విను. మేరీ లేదు, రాదు. నవంబర్‌లోనే హైదరాబాద్ నుంచి రిపోర్టు వచ్చింది. కణాల మీద మేరీని వేసినా ఒకటే, మామూలు నీళ్లు వేసినా ఒకటే.

ఎందుకట్లా అయిందో వెతుక్కున్నాను. ఫొటోలో గిన్నె ఒక్కటే ఉండదు, చుట్టూ లోపలా నీటి చుక్కలు కూడా ఉంటాయి. మందును కూర్చోబెట్టే ముందు వాటిని తీసేయడం మా వాళ్ల అలవాటు. మనం గిన్నె తుడుచుకుంటామే, అట్లా. ఒక్క బటన్ నొక్కితే అన్నీ పోతాయి. నేనూ నొక్కాను. మిగిలిన చుక్కలు పోతే పోయాయి. కానీ గిన్నె అడుగున ఒకటి ఉంది, ఏ ఫొటో తీసి చూసినా అది అక్కడే ఉంది. గిన్నెనూ పట్టుకుని, లోపలికి వచ్చినదాన్నీ పట్టుకుని ఉంటుంది. నేను ఖాళీ అనుకుని కొమ్మ దించింది దాని చోట్లోకి. కంప్యూటర్లో నీళ్లు లేవు కాబట్టి కొమ్మ పట్టింది, మార్కు వచ్చింది. నిజం కణంలో ఆ చుక్క కదల్లేదు, మేరీకి చోటు దొరకలేదు. అంతే. ఏడాదిన్నర పని.

నీకు చెప్పడానికి నామోషీ అయింది. నీ పేరు పెట్టాను, ఊరంతా చెప్పుకున్నావు, ఏ ముఖం పెట్టుకుని రాను? అందుకే క్రిస్మస్‌కు రాలేదు. రిపోర్టూ లేదు ఏమీ లేదు. ఆ రోజు హాస్టల్ గదిలో తలుపేసుకుని పడుకున్నాను.

ఇంకో మాట కూడా దాచాను. మేరీ పనిచేసి ఉన్నా గోలీ అయ్యేసరికి పదేళ్లు పట్టొచ్చు. ఎలుకలు, టెస్టులు, పర్మిషన్లు, అన్నీ దాటాలి. సెప్టెంబర్‌లో ఆ సంతోషంలో రాయబుద్ధి కాలేదు. మొట్టమొదటి గోలీ నీకే అని ఒట్టేశాను. నోటికొచ్చింది రాశాను, నువ్వు దాన్ని నమ్మి కూర్చున్నావు.

గిన్నె వంకరపోయేది కొందరికే. నీకు అట్లా అయిందని ఎవరూ చెప్పలేదు. నీ పాత గోలీ నిన్ను ఇన్నాళ్లూ కాపాడింది పెద్దమ్మా. నేను అడుగున ఉన్న నీళ్లు తీసేశాను, నువ్వు గోలీ తీసేశావు.

నడుం నొప్పి బిందె మోసినందుకే అయితే దేవునికి స్తోత్రం. అయినా రేపే చూపిద్దాం. రానని మొండికేయకు.

మందు కోసం నువ్వు నాకు అక్కర్లేదు. నాకు నువ్వు కావాలి. నువ్వు కూడా లేకపోతే ఈ వరంగల్‌లో, ఇంకెక్కడైనా సరే, నేను ఉత్తరం రాయడానికి ఎవరున్నారు?

రెబెకా

* * *

వరంగల్, దవాఖాన
జనవరి 23

రెబెకా బిడ్డకు,

నువ్వు పొద్దుగాల ల్యాబుకు పోయి మాపటికి వచ్చేలోపల రాస్తాన. నాకు వినవడది గదా, నేను మాట్లాడితె నా గొంతు నాకు తెల్వది, వార్డంత వింటాంది. పక్క మంచం ఆమె నవ్వుతాంది. అందుకే కాయితం అడుక్కున్న.

ఇరవై దినాలాయె, నువ్వు నన్ను ఒక్క మాట అడుగలే. దవాఖానలు తిప్పుతానవ్, టిఫిన్ తెస్తానవ్, నా కాళ్లు ఒత్తుతానవ్. ఎందుకు ఆపినవ్ అని మాత్రం మళ్ల అడుగుతలేవ్. నేనే చెప్త.

పాత గంటె ఉంటె కొత్తది పట్టదు అనుకున్న, అది నిజమే. పదిహేనొద్దులు ముందుగాల ఆపితె సాలు గదా, నెలలకు నెలలు ఎందుకు ఆపుడు? ఆవిర్లు పోయి నిద్ర వచ్చింది, అది సుత ఒకటి. గని అసలు సంగతి వేరే. హాస్టల్ మూసినంక నాతోటి ఎవలకు పని లేకపాయె. నీకు నా ఒళ్లు కావాలె అనుకున్న. మేరీ ముందుగాల నా మీదనే పనిచెయ్యాలె, అందరు సూడాలె అనుకున్న. పొద్దుగాల లేవంగనే, ఇయ్యాల సుత ఖాళీగ ఉంచిన అనుకుంటె ఒక పని చేసినట్టుండేది. వంట చేసినట్టే. నవ్వకు.

నీ తప్పు లేదు బిడ్డా అని రాస్త అనుకున్నవా? రాయ. సగం నీది, సగం నాది. నువ్వు ఒట్టేసినవ్, నేను అడుగకుంట నమ్మిన. ఇద్దరం దాసినం. ఇగ లెక్క ఒడిసింది. మళ్ల దాని గురించి ఏడిస్తె గంటె తీసుకుంట.

నిన్న డాక్టరమ్మ నువ్వు రాకముందే వచ్చింది. నేను సదువుకున్న దాన్నే, రాసియ్యమంటె రాసిచ్చింది. ఎన్నుపూసల మచ్చ ఉన్నదంట. పాత గడ్డదేనంట. గోలీలు ఆపకున్నా వచ్చేదా అని అడిగిన. ఎవలం చెప్పలేం అని రాసింది. రెండుమాట్ల అడిగిన, రెండుమాట్ల గదే రాసింది. నెలకో ఇంజెక్షన్, కొత్త గోలీలు ఇస్తరంట. తగ్గుతదా అంటె పెరుగకుంట ఆపుతం, ఎంత కాలం ఆపితె అంత కాలం అని రాసింది. నీకు ఇయ్యాల మాపటికి చెప్తరు. నువ్వు వాళ్ల ముందు ఏడుస్తవని ముందుగాలనే రాస్తాన. నాకు భయమున్నది. లేదని చెప్తె అబద్ధం. గని నాకు అన్నిటికంటె ఆ ములుగు రూముకు ఒక్కదాన్నే పోవాలంటె ఎక్కువ భయమున్నది.

ఇంకోటి జరిగింది. స్రవంతి అని కొత్త సిస్టర్ వచ్చింది ఇయ్యాల. మంచి పోరి. నా చెవి సంగతి తెలుసుకొని నా అరచేతిల వేలుతోటి రాసింది, తోడు ఎవలు అని. ఆపరేషన్ అప్పుడు ఇదే అడిగితె నేను ఎవలు లేరు అని చెప్పి ఏలియాగారి పేరు ఇచ్చిన. నువ్వు అప్పుడు బయట కుర్చీల కూసొనే ఉన్నవ్. పరీక్షలున్న పోరిని ఎందుకు కట్టేసుడు అనుకున్న. హాస్టల్ల ఉన్నన్నొద్దులు సుత నిన్ను నా మనిషి అని ఎవలకు తెల్వనియ్యలే. తల్లి లేని పోరగాండ్లు ఇంక శానమంది ఉండె గదా, వాళ్ల మనసు కష్టపడ్తదని నీ పళ్లెంల ఒక్క గుడ్డు ముక్క ఎక్కువ వెయ్యలే. నువ్వు అడుగలే. ఒక్కనాడు సుత అడుగలే.

ఇయ్యాల రెబెకా అని చెప్పిన. నీకు ఏమైతది అని రాసింది. చెల్లె బిడ్డ అనబోయి, నా బిడ్డ అన్న. ఎంత గట్టిగ అన్ననో నాకు తెల్వది, వార్డంత నా దిక్కు తిరిగింది.

నిన్ను అడుగకుంట చెప్పిన. ఎవలన్న నిన్ను అడిగితె కాదనకు.

మరియమ్మ